పాపపు ఒప్పుకోలు – దైవక్షమ

సర్వజ్ఞుడైన భగవంతునికి తెలియని పాపము లేదు. అట్టియెడ మానవుడు తన దోషమును ఆయన సన్నిధిని నోరార పలుకవలసిన అవసరమేమి? క్రైస్తవ భక్తిమార్గమున ఈ ప్రశ్నకు ప్రధానస్థానము గలదు. దీనివెంటనే మరియొక ప్రశ్న పుట్టును. దేవుడు క్షమించిన పిమ్మట, ఆ దోషమువలన నష్టపడిన పొరుగువానికి చెల్లవలసినదేమైన మిగిలియుండునా?

ఈ ప్రశ్నలు పండితుల చర్చలకే పరిమితములు కావు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భిలాయిని ఉదాహరణముగా గైకొందము. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడిక ననుసరించి అచట ఉక్కు కర్మాగారము వెలసెను. దాని మొదటి బ్లాస్ట్ కొలిమిని 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. దేశపు నలుమూలలనుండి పనివారు వచ్చి చేరిరి. ఆంధ్రదేశమునుండి వలసవచ్చిన కుటుంబములు అందనేకములు. సెక్టర్ 4 మొదలగు నివాసములలో వేర్వేరు భాషలవారు, మతములవారు ఇరుగుపొరుగులై కాపురముందురు. వారిలో తెలుగు క్రైస్తవులును గలరు. శ్రీకాకుళ ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు రచించిన కీర్తనలు తెలుగు క్రైస్తవుల ఆరాధనకు జీవము. పశ్చాత్తాపము, ప్రభుకృప ఆ కీర్తనలలో తరచు వినవచ్చు భావములు.

ఇట్టి వాడలో ఒక గృహస్థుడు, తోటి కార్మికులు తనకు అప్పగించిన చీటి సొమ్మును స్వంతమునకు వాడుకొనెననుకొందము. పొరుగింటి బిడ్డ చదువునకు ఆ సొమ్ము వేళకు అందలేదు. ఆదివారమున అతడు మోకరించి, కన్నీటితో తన పాపమును దేవునికి విన్నవించుకొనెను, మనస్సు తేలికపడెను. సోమవారము ఉదయపు షిఫ్టునకు పోవుచుండగా ఆ పొరుగువాడే ఎదురుపడెను. ఇప్పుడు అతని ఒప్పుకోలు పూర్తియైనదా, కాలేదా?

మొదట ఒప్పుకోలు స్వరూపమును విచారింతము. ఆదికాండమున ఆదాము ఆజ్ఞ మీరినంతనే చెట్లచాటున దాగెను. దాగుటయే పాపముయొక్క తొలిఫలము. కావున ఒప్పుకోలు దేవునికి వార్త తెలుపుట కాదు. మానవుడు చాటునుండి వెలికివచ్చుట. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడు తండ్రితో చెప్పవలసిన మాటలను ముందే కూర్చుకొని బయలుదేరును. తండ్రి దూరమునుండియే చూచి, పరుగెత్తిపోయి కౌగిలించుకొనును. అనుకొన్న మాటలన్నియు కుమారుడు చెప్పకమునుపే మేలివస్త్రములు తెమ్మని సేవకుల నాజ్ఞాపించును. క్షమ ఒప్పుకోలునకు ముట్టు కూలి కాదు. అది తండ్రి స్వభావము. ఐనను కుమారుడు లేచి యింటిదారి పట్టినగాని ఆ కౌగిలి అతనికి దక్కలేదు.

ఒప్పుకొను విధానమున క్రైస్తవ సంఘములకు భేదము గలదు. కాథలిక్కులు గురువు ఎదుట దోషములను చెప్పుకొందురు. సంవత్సరమున కొకమారైనను అట్లు చేయవలెనని 1215లో నాల్గవ లాటరన్ మహాసభ నియమించెను. విన్నదానిని గురువు ఎవ్వరికిని వెల్లడింపరాదు. ప్రొటెస్టెంటులు సాధారణముగా నేరుగా దేవునికే విన్నవించుకొందురు. సామూహిక ఆరాధనలో కలిసి పలుకుటయు గలదు. ధనమిచ్చి పాపశిక్షను తగ్గించుకొను పత్రముల నిరసించుచు మార్టిన్ లూథరు 1517లో గళమెత్తెను. దైవక్షమ కొనదగిన వస్తువు కాదనుట ఆ వివాదమునకు మూలము.

కొనదగనిదన్నంత మాత్రమున అది బాధ్యతనుండి విడుదల కాదు. బలిపీఠమువద్ద కానుకతో నిలిచినపుడు సోదరునికి తనపై ఏదేని విరోధమున్నట్లు జ్ఞప్తికి వచ్చినయెడల, కానుకను అచటనే విడిచి, ముందు అతనితో సమాధానపడవలెనని క్రీస్తు బోధించెను. సుంకరియైన జక్కయ్య తన యింట క్రీస్తును చేర్చుకొన్ననాడు, అన్యాయముగా గైకొన్నదానిని నాలుగింతలుగా తిరిగి యిత్తుననెను. అతడు క్షమను కొనలేదు. క్షమ అతని చేతులను విప్పెను. భారతీయ ధర్మశాస్త్రమును దీనికి దూరము కాదు. మనుస్మృతి 11వ అధ్యాయము పాపవిముక్తికి సాధనములను చెప్పుచు, దోషమును వెల్లడించుటను, అనుతాపమును అందు చేర్చినది.

భిలాయి కొలిమియే ఇందుకొక దృష్టాంతము. దల్లీ-రాజ్‌హరా గనుల ఇనుపరాయి కర్మాగారమునకు ఆదినుండి ఆధారము. రాయిలోని మాలిన్యము సుత్తిపోటుకు ఊడిపోదు. కొలిమిలో కరగినపుడు సున్నపురాయి ఆ మాలిన్యముతో కూడి, లోహమలమై ద్రవలోహముపై తేలును. అపుడు దానిని వేరుగా తీసివేయుదురు. అనుతాపము హృదయమును కరగించు వేడిమి. కాని కరగుటతోనే పని ముగియలేదు. తేలినదానిని వెలికి తీయవలెను. కన్నీటితో ఆగిన ఒప్పుకోలు, మలము తీయని లోహము వంటిది.

ఇక నష్టపడినవాని మాట. తోటివారి ఋణములను మన్నించినట్లే తన ఋణములను మన్నింపుమని క్రైస్తవుడు ప్రార్థించును. కావున మన్నించుట పొరుగువానికిని ధర్మమే. అయినను దానిని హక్కుగా అడుగు అధికారము దోషికి లేదు. “దేవుడే నన్ను క్షమించెను, నీవేల క్షమింపవు?” అని గద్దించువాడు సొమ్ము నపహరించిన పిదప, దుఃఖించు హక్కునుగూడ అపహరించుచున్నాడు. తప్పు చేసినవాడు చేయదగినది తప్పును దాచక చెప్పుట, సొమ్మును తిరిగి యిచ్చుట, ఎదుటివాని మౌనమును ఓర్చుకొనుట. ఆ మౌనము ఎన్నాళ్ళుండునో అతని చేతిలో లేదు.

అట్లు ఓర్చుకొనుటకు బలమెక్కడిది? దైవక్షమయే ఆ బలము. తండ్రి తన్ను త్రోసివేయలేదని ఎరిగినవాడే పొరుగువాని గుమ్మమువద్ద తలవంచి నిలువగలడు. క్షమ పొందినట్టి హృదయమునకు గుర్తు తేలికపడుట ఒక్కటియే కాదు. పొరుగువాని తలుపు తట్టు ధైర్యము.