విడిచిన వ్రతము

మొన్న తాడిపత్రిలో మా తరగతియందు భీష్ముని ప్రతిజ్ఞను బోధించుచుండగా నొక పిల్లవాడు లేచి యిట్లడిగెను: "అయ్యవారూ, మా యింట్లో ఫెర్రర్ దొర పటముంది. మా అవ్వ రోజూ దానికి దీపం పెడుతుంది. ఆయన గూడా సన్న్యాసం తీసుకొని, మళ్ళీ విడిచి పెండ్లి చేసుకున్నాడంట గదా. భీష్ముడు మాట తప్పలేదని పొగుడుతారు. ఈయన తప్పినాడు. ఇద్దరూ గొప్పోళ్ళు ఎట్లయితారు?" ఇంతలో గంట కొట్టిరి గావున మాకా దినమునకు రక్ష కలిగినది. కాని యా ప్రశ్న యింటిదాక మమ్ము వెంబడించినది.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనా నగరమున జన్మించెను. స్వదేశమందలి అంతర్యుద్ధమును కన్నులార జూచి, 1944లో జెస్యూటు సభలో చేరెను. పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత యనునవి యా సభవారి వ్రతములు. 1952లో బొంబాయికి వచ్చి, పిమ్మట మన్మాడు ప్రాంతమున రైతులు బావులు త్రవ్వుకొనుటకు తోడుపడెను. పలుకుబడి గలవారికిది కంటగింపు కాగా, 1968లో దేశము విడువవలసినదని యాజ్ఞ వచ్చెను. వేలకొలది రైతులు కాలినడకను బయలుదేరి మొఱపెట్టుకొనిరి. ఇందిరాగాంధీ ప్రభుత్వము ఆయనను మరల రానిచ్చెను. 1969లో ఆయన మన అనంతపురమునకు వచ్చెను. 1970లో సభను విడిచి, ఆ యేడే అన్నె పెర్రీ యను ఆంగ్ల పాత్రికేయురాలిని వివాహమాడెను.

ఇక భీష్ముని మాట. ఆయన ప్రతిజ్ఞ దాశరాజునకిచ్చినది; సత్యవతి బిడ్డలకు రాజ్యము దక్కుటకై చేసినది. శంతనుడు గతించెను. సత్యవతి కుమారులిద్దరును నిస్సంతుగా మరణించిరి. అప్పుడెవరికొఱకు ప్రతిజ్ఞ చేసెనో యా సత్యవతియే చేతులు పట్టుకొని, వంశము నిలుపుమని వేడుకొనెను. భీష్ముడు వినలేదు. మాట నిలిచినది గాని, మాటకు ప్రయోజనమైన మనుష్యులు లేరైరి. అట్టివాడే నిండుసభలో ద్రౌపది యడిగినప్పుడు ధర్మము సూక్ష్మమని పలికి యూరకుండెను. ఏటేట పిల్లలకు భీష్ముని పొగడి చెప్పు మేము ఈ చోట నెన్నడును నిలిచి యాలోచింపలేదు. ఇది మా లోపమే.

అయినచో ఎవనికి వాడు వ్రతప్రయోజనము తీరినదని చెప్పి విడువవచ్చునా? త్రాగుడు మానుదునని భార్య తలమీద చేయి పెట్టి ప్రమాణము చేసినవాడును మూడవనాటికి కారణములు చెప్పగలడు. పైగా, బావులు త్రవ్వుటకు పెండ్లి యేల యని మా యింటివారు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. పెండ్లి పేదలకొఱకని చెప్పుట మాకిష్టము లేదు. అది ఆయన సంతోషము. ఆ సభలోనే యుండి, వ్రతము తప్పక, పేదలను సేవించినవారును కలరు. వారిని తక్కువ చేసి ఈయనను పొగడరాదు.

అయినను రెండు సంగతులు మాకు కనబడుచున్నవి. చాటున తప్పి పైకి వేషము నిలుపుకొనువారిని మనమెఱుగుదుము. అట్టివారు సభను, ఆ స్త్రీని, తమ్మును మోసగింతురు. ఈయన ముందు వస్త్రము విడిచి, పిదప పెండ్లి యాడెను. రెండవది, వ్రతము విడిచినవాడు సుఖమునకై పోయెనా యని చూడవలెను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెండు ఈ మెట్టనేలలో ఆయన నలువదేండ్లు నిలిచెను. గట్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, స్త్రీల పేర వ్రాయించిన యిండ్లు వెలసినవి. మతము మార్చుటకే వచ్చినాడని మా పెద్దలు గుసగుసలాడుట మా చిన్నతనమున విన్నాము. ఆ మాట లన్నవారి యిండ్లలోని రోగులును తరువాత ఆ యాసుపత్రికే పోయిరి. 2009 జూన్ 19న ఆయన అనంతపురమున మరణించెను. బత్తలపల్లిలోనే సమాధి చేసిరి.

మరునాడీ సంగతులన్నియు తరగతిలో చెప్పితిమి. ఆ పిల్లవాడు కొంతసేపు తల గోకికొని, "అయితే అయ్యవారూ, పరీక్షలో భీష్ముణ్ణి గురించి అడిగితే ఏం రాయాల?" అనెను. తోచినది వ్రాయుమంటిమి. మార్కులెవరు వేయుదురని ప్రక్కవాడు నవ్వెను.