యయాతి అడిగిన కొడుకులు, అడగని కూతురు: కన్నవారికి మూత్రపిండదానం

మూత్రపిండాలు రెండూ పాడైన తల్లికో తండ్రికో కన్నబిడ్డ తన మూత్రపిండం ఒకటి ఇవ్వడాన్ని మనం 'దానం' అంటున్నాం. ఆ మాట ఇక్కడ సరిపోతుందా? దాత స్వేచ్ఛ లేనిదే దానం లేదు. కన్నవారి విషయంలో తెలుగువారి నోట వచ్చే మాట 'రుణం'. తల్లి రుణం తీరనిదని చిన్ననాటినుండి వింటాం. తీరని రుణానికి హద్దుండదు. హద్దులేని చోట ఎంత అడిగినా న్యాయంగానే తోస్తుంది. కాదన్నవాడు ఎగవేతదారు అవుతాడు.

అవయవదాన ప్రసంగాలలో శిబి, దధీచులను ఉదాహరించడం పరిపాటి. కాని వారిని అడిగినవారు కన్నవారు కారు. ఈ సంకటానికి దగ్గరి కథ ఆదిపర్వంలోని యయాతిది. శుక్రుని శాపంవల్ల వచ్చిన ముసలితనాన్ని తీసుకొని యౌవనమిమ్మని అతడు కొడుకులను అడిగాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కాదని శాపాలు పొందారు. పూరువు ఒప్పుకొని రాజ్యం పొందాడు. పూరువు పితృభక్తిని మెచ్చుకోవడం మనకు అలవాటు. నాకు మాత్రం ఆ నలుగురే ముఖ్యులు. కాదన్నవారికి శాపం తప్పని చోట, ఔనన్నవాని అంగీకారం ఎంత స్వచ్ఛమైనదో తేల్చలేం. పైగా పూరువు యౌవనం వెయ్యేళ్లకు తిరిగి వచ్చింది. మూత్రపిండం తిరిగి రాదు.

అదే యయాతికి ఉద్యోగపర్వంలో మాధవి అనే కూతురు కనిపిస్తుంది. గురుదక్షిణకు ఎనిమిది వందల గుర్రాలు కావాలని గాలవుడు వస్తే, అవి ఇవ్వలేక ఆమెను ఇచ్చాడు. కొడుకులను అడిగినవాడు కూతురిని అడగలేదు. మన దేశంలో సజీవ దాతలలో స్త్రీలే అధికులు కనుక ఈ రెండు కథలను కలిపి చదవక తప్పదు.

1994 నాటి అవయవమార్పిడి చట్టం కొడుకును, కూతురిని దగ్గరి బంధువులుగా గుర్తించింది. 2011 సవరణ అవ్వాతాతలను, మనుమలను చేర్చింది. ఆ సవరణను స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానించింది. బంధువు కాని దాత తన ఆత్మీయతను అధికార కమిటీ ముందు రుజువు చేసుకోవాలి. బిడ్డకు ఆ అవసరం లేదు. పరాయివారి మధ్య డబ్బును శంకించే చట్టం ఇంటిలోని మొహమాటాన్ని అంతగా శంకించదు. అయితే దాత స్త్రీ అయితే ఆమె సమ్మతిని స్వీకర్త కాక వేరొకరు ధ్రువీకరించాలని 2014 నియమాలు చెప్పాయి. ఆ నియమం రాసినవారికి మాధవి కథ తెలుసునో లేదో గాని, ఆమెకు దక్కనిది అదే.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురైనది కాదు. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలిసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి నాలుగో స్టేషనులో, పంజగుట్టలో దిగుతాం. మరణానంతర దాతలకోసం 2013లో మొదలైన జీవన్‌దాన్‌లో పేరు నమోదైంది. రైతుబజారులో పొరుగావిడ నాతో, "బిడ్డవు నువ్వున్నంక అమ్మకేం రంది?" అన్నది. మా అన్నను ఆ మాట ఎవరూ అనలేదు.

అమ్మ మాత్రం ఇంతవరకు నోరు తెరిచి అడగలేదు. దాన్ని త్యాగమనే అనుకున్నాను. కాని అడగని తల్లి ముందు ప్రశ్నా నాదే, జవాబూ నాదే అవుతున్నది. యయాతి కనీసం మాటల్లో అడిగాడు. అందుకే యదువు కాదనగలిగాడు. ఇష్టంలేని దాత ఏకాంతంలో ఆ సంగతి చెబితే, 'సరిపడదు' అని వైద్యులు కుటుంబానికి చెప్పవచ్చునా అని వైద్యనీతిలో చర్చ ఉంది. ఆ మాట యదువును శాపంనుండి కాపాడుతుంది. కాదనే హక్కు కొడుకుకుందని మాత్రం యయాతికి ఎన్నటికీ తెలియదు.

నా రక్తపరీక్షలు వచ్చే వారం. నిన్న రైలులో, "నేను కాదంటే కోపగించవు కదా?" అని అమ్మను అడిగాను. అమీర్‌పేట దాటేదాకా ఆమె మాట్లాడలేదు. పంజగుట్టలో దిగేటప్పుడు అన్నది: "ఐతారం అన్నను రమ్మను. ఇద్దర్ని నేనే అడుగుత."