గుండెల్లో దాచుకున్న విద్య ఎందుకు పోయింది?

ఈసారి కాస్త దూరం, యూరప్ దాకా వెళ్దాం. సుమారు 2,000 ఏళ్ల కిందట ఇప్పటి ఫ్రాన్స్, బ్రిటన్ ప్రాంతాల్లో కెల్టులు ఉండేవారు. నదులు, చెట్ల తోపులు వాళ్లకు పవిత్రం. వాళ్ల గురువులని డ్రూయిడ్లు అనేవారు.

కెల్టుల మీద యుద్ధం చేసిన రోమన్ సేనాని జూలియస్ సీజర్ వీళ్ల గురించి రాశాడు. కొందరు శిష్యులు 20 ఏళ్లు చదివేవారట. అంతా కంఠస్థమే. రాయడం రాక కాదు, మిగతా వ్యవహారాలకి గ్రీకు లిపి వాడేవారు. దైవవిద్యని మాత్రం రాయకూడదు. దీనికి సీజర్ అనుకున్న కారణాలు రెండు: ఆ విద్య అందరికీ తెలియకూడదు, రాతని నమ్ముకుని శిష్యులు జ్ఞాపకశక్తి పోగొట్టుకోకూడదు. ఆత్మ చావదని, ఒకరి నుంచి ఇంకొకరిలోకి వెళ్తుందని వాళ్లు బోధించేవారనీ రాశాడు.

ఇది వినగానే "అయితే వాళ్లూ మనవాళ్లేనా?" అని చాలామంది అడుగుతారు. నన్ను తొలిచే ప్రశ్న వేరు. మన వేదమూ నోటి ద్వారానే వచ్చింది. మనది నిలిచింది, వాళ్లది పోయింది. ఎందుకు?

రోమన్ చక్రవర్తులు డ్రూయిడ్లని అణచివేశారు. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం మోనా ద్వీపం మీద పడి పవిత్ర వనాలని నరికేసింది. డ్రూయిడ్ల బోధ ఒక్కటీ గ్రంథంగా మిగల్లేదు. నరబలులు ఇచ్చేవారని చెప్పేదీ శత్రువులే. అది నిజమో, నిందో చెప్పడానికి వాళ్ల గొంతు లేదు.

మరి రాయకపోవడం తప్పా? నా దృష్టిలో ఆ రెండు కారణాల్లో ఒకటి గొప్పది, ఒకటి ప్రమాదం. కంఠస్థం చేసింది మనలో భాగమైపోతుంది, అది గొప్ప. కానీ విద్య కొద్దిమంది దగ్గరే ఉంటే, ఆ కొద్దిమందిని చంపితే చాలు, విద్య కూడా పోతుంది.

మనం గర్వపడి కూర్చోనక్కర్లేదు. వేదశాఖల్లో చాలావాటిని మనమూ పోగొట్టుకున్నాం. వేదం కూడా అందరికీ అందలేదు. అయినా ధర్మం పురాణంగా, హరికథగా, భజనగా ఇంటింటికీ చేరింది కాబట్టి అమ్మమ్మల నోట్లో బతికింది.

ఇప్పుడు మన ఫోన్లో వందల స్తోత్రాలున్నాయి. సేవ్ చేశాం కదా అని ధీమా. కానీ నోటికొచ్చేవి ఎన్ని? మన దగ్గర ఎవరైనా నేర్చుకున్నవి ఎన్ని? విద్యని దాచుకోవడం రక్షణ కాదు, అందించడమే రక్షణ. ఈ వారం ఒక్క శ్లోకం అర్థంతో సహా నేర్చుకోండి. ఇంట్లో ఒక్కరికి నేర్పండి.

శుభం భూయాత్.