గగ్గ భిక్షువుకు సంఘం చేసిన న్యాయం

తెలిపారాలో గాని, బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో గాని, మన తెలుగు ఇళ్లలో ఎవరికైనా షుగరు వస్తే నలుగురికీ చెబుతాం. మనసుకు జబ్బు చేస్తే తలుపులు వేసుకుంటాం. వందనకు ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే "ఊరెళ్లాడు" అంటాం. ఒకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు పూర్వజన్మ కర్మ అంటారు. ధమ్మం స్వీకరించిన ఇంట్లో కూడా "ధ్యానం సరిగా చేసుంటే ఇలా అయ్యేదా?" అనే మాట వస్తుంది. మాట మారింది గాని, తప్పు రోగిదే అన్న తీర్పు మారలేదు.

అది బుద్ధుని తీర్పు కాదు. వినయ పిటకంలో గగ్గ అనే భిక్షువు ఉన్నాడు. ఆయనకు మతి చలించింది. ఉపోసథానికి ఒకసారి గుర్తుండి వస్తాడు, ఒకసారి రాడు. సంఘం ఆయన్ని వెళ్లగొట్టలేదు. గగ్గకు గుర్తున్నా లేకున్నా, వచ్చినా రాకున్నా ఉపోసథం జరుపుకోవచ్చని, బుద్ధుని అనుమతితో తీర్మానించింది. రాలేకపోవడం నేరం కాలేదు. వచ్చిన రోజున ఆయన చోటు ఆయనకు ఉంది.

తర్వాత గగ్గ కోలుకున్నాడు. అప్పుడు కొందరు భిక్షువులు, జబ్బులో ఆయన చేసినవన్నీ ఎత్తిపొడవసాగారు. మతి లేనప్పటివి, గుర్తు లేవని చెప్పినా వదల్లేదు. అందుకే బుద్ధుడు అమూళ్హ వినయాన్ని ఏర్పరచాడు. కోలుకున్నవాడు మూడుసార్లు అడిగితే, సంఘం ఆ నిందను మూసేస్తుంది. గుర్తుండీ లేదని బొంకేవాడికి ఇది వర్తించదు. కనుక ఇది జాలి కాదు, న్యాయం.

జబ్బులో ఒకడు చెయ్యి చేసుకుంటే తగిలిన దెబ్బ నిజమే. దానికి మందు వెయ్యాలి, ఓదార్చాలి. కానీ ఆ నింద జీవితాంతం అతని మీద ఉండకూడదు. కోలుకుని డ్యూటీకి వెళ్తున్న మనిషి గొంతు కాస్త పెంచితే "మళ్లీ మొదలైంది" అంటాం. అందరికీ వచ్చే కోపం అతనికి రాకూడదన్నమాట! కోలుకోవడానికి మందు ఎంత అవసరమో, నమ్మే మనుషులూ అంతే అవసరం.

గత జన్మ కర్మ వాదాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో తోసిపుచ్చారు. బాధపడేవాడి మీదే నేరం మోపి సమాజం తప్పించుకోవడానికి అది పనికొస్తుందని ఆయన గ్రహించారు. ధ్యానం కూడా మందుకు బదులు కాదు. భిక్షువుకు కావలసిన నాలుగింటిలో చీవరం, ఆహారం, నివాసంతో పాటు ఔషధాన్నీ బుద్ధుడు చేర్చాడు.

నేటి చట్టమూ ఆ దారికే వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోవ్యాధిని శరీర వ్యాధితో సమానంగా చూడమంటుంది. ఉద్యోగం పోతుందని జబ్బు దాచే రైల్వే సోదరులు 2016 వికలాంగుల హక్కుల చట్టం తెలుసుకోవాలి. మానసిక వ్యాధి కూడా అందులో ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి.

మన బిలాస్‌పూర్ దగ్గరే, సేందరీలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా మాట్లాడతారు.

ఈ ఆదివారం వందనకు ఎవరు రాలేదో చూద్దాం. వాళ్లింటికి వెళ్దాం. ఆస్పత్రికి తోడు కావాలంటే ఒకరం కదులుదాం. తిరిగి వచ్చాక, పాత మాట ఎత్తకుండా పక్కన కూర్చుందాం.