చెయ్యి కదిలింది, కదిలించిందెవరు?

మెడ వెనక, వెన్నెముక పక్కన కరెంటు తాకగానే చేతివేళ్లు ఎగిరిపడతాయి. రోగి వాటిని కదపాలనుకోలేదు, ఆపాలనుకున్నా ఆగవు. చేతి నాడులు వెన్నుపాము నుంచి బయటపడే చోట ప్రేరణ ఇచ్చి, దారిలో ఎక్కడైనా సంకేతం ఆగిపోతోందా అని డాక్టర్లు చూసే పరీక్ష ఇది.

మరి ఆ కదలిక ఎవరిది?

చెయ్యి కదలాలంటే దానితో ఆత్మకు సంయోగం, ప్రయత్నం కావాలన్నాడు వైశేషిక దర్శనకారుడు కణాదుడు. ఆయన వైశేషిక సూత్రాల ఐదో అధ్యాయం మొదలయ్యేదే ఈ మాటతో. ఆ వెంటనే రోకలి సంగతి ఎత్తుకుంటాడు. దంచడానికి రోకలి ఎత్తేది మన ప్రయత్నమే. రోట్లో దెబ్బ తగిలి రోకలి పైకి ఎగిరినప్పుడు దాంతో లేచే చెయ్యి మాత్రం దెబ్బ వల్ల లేచింది, మన వల్ల కాదు. వడ్లు దంచిన ఏ ఇల్లాలికైనా తెలిసిన సంగతే! ఆస్పత్రి కరెంటూ అలాంటి దెబ్బే.

మాంట్రియల్‌లో మెదడు శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెలకువగా ఉన్న రోగుల మెదడుకు కరెంటు తాకిస్తే చెయ్యి కదిలేది. అది తమ పని కాదని, డాక్టరే కదిపాడని వాళ్లు చెప్పేవారు. ఇచ్ఛ, ప్రయత్నం ఆత్మకు గుర్తులన్న నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, ఈ మాట విని సంతోషించేవారే. అయితే 2009లో ఫ్రాన్స్ పరిశోధకులు మెదడులో మరోచోట కరెంటు ఇచ్చినప్పుడు రోగులకు కదపాలన్న కోరికే పుట్టింది. అంటే ఇచ్ఛను కూడా బయటి నుంచి రాజేయవచ్చు. ఆత్మవాదికి ఇది చిక్కు ప్రశ్నే.

ఆ వాదం తేలకపోయినా మెడ దగ్గర ఒక లెక్క స్పష్టం. ప్రయత్నం రోగిది కానప్పుడు బాధ్యతంతా మీట నొక్కినవారిదే. ఆ బాధ్యత కరెంటు ఇచ్చే పద్ధతిని ఎంచుకోవడంతోనే మొదలవుతుంది. చర్మం మీద నుంచి ఇస్తే లోతున్న నాడీమూలాలను చేరడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, నొప్పీ ఎక్కువే. సన్నని సూదిని ఎముక తగిలేదాకా దించితే తక్కువ కరెంటు చాలుతుంది. కానీ అది మధ్యరేఖకు దగ్గరగానే సాగాలి, ఊపిరితిత్తి పైకొస అక్కడికి దూరం కాదు. 1985లో షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం మెదడు మీద చూపిన అయస్కాంత ప్రేరణ తర్వాత మెడకూ వచ్చింది. దానికి సూది అక్కర్లేదు, నొప్పి తక్కువ. అన్ని నాడీపోగులూ స్పందిస్తాయన్న భరోసా మాత్రం లేదు. ఈ పరీక్షలో మెడ ముందువైపు జోలికి అసలు పోకూడదు. కెరోటిడ్ ధమని దగ్గరి నాడులు గుండె వేగాన్ని, రక్తపోటును మార్చేయగలవు.

ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే, పేస్‌మేకర్ ఉన్నా, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. ఎన్ని షాకులు ఇస్తారో, వద్దంటే మధ్యలో ఆపుతారో లేదో బల్ల ఎక్కకముందే అడగండి.