బాధకు ప్రయోజనం ఉన్నదా?

ఇంట్లో కష్టం వచ్చినప్పుడు మన నోట వచ్చే మొదటి మాట "నేనేం పాపం చేశాను?" అన్నది. హిందువు అయినా, క్రైస్తవుడైనా, ముస్లిం అయినా ఇందులో తేడా లేదు. పరామర్శకు వచ్చినవారిలో ఒకరు పూర్వజన్మ కర్మ అంటారు. ఇంకొకరు దేవుడు పరీక్షిస్తున్నాడంటారు. మరొకరు అంతా మన మంచికే అంటారు. వచ్చినవారు కాఫీ తాగి వెళ్లిపోతారు. బాధ మాత్రం అక్కడే ఉంటుంది. పైగా ఏదో తప్పు చేశానన్న దిగులు దానికి తోడవుతుంది.

బాధలో సైతం ఒక ప్రయోజనం ఉన్నదని క్రైస్తవ విశ్వాసం చెబుతుందంటారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎవరినీ ఏ మతంలోకీ పిలవడం కాదని పాఠకులు గ్రహించగలరు.

మన తెలుగులో "ఎందుకు" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. "ఎందుకు ఏడుస్తున్నావు?" అంటే కారణం అడుగుతున్నాం. "ఈ తాడు ఎందుకు?" అంటే దానితో ఏం పని అని అడుగుతున్నాం. బాధ విషయంలో ఈ రెండూ కలగలిసిపోవడం వల్లనే చిక్కంతా వస్తున్నది. బాధ ఎందువల్ల వచ్చిందన్నది ఒక ప్రశ్న. వచ్చిన బాధతో ఏం చేయాలన్నది వేరొక ప్రశ్న.

బైబిలులోని యోబు గ్రంథం చదివినవారికి ఈ భేదం తెలుస్తుంది. ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం అన్నీ పోయిన యోబును చూడటానికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉన్నది. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టిన తరువాతే వాళ్లు చెడ్డారు. పాపం చేయనిదే ఇంత శిక్ష రాదన్నారు. గ్రంథం చివర దేవుడు కోపించింది నిలదీసిన యోబు మీద కాదు, తనను సమర్థించిన ఈ స్నేహితుల మీద!

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. పుట్టుగుడ్డిని చూపి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగారు. ఇద్దరిదీ కాదన్నాడు యేసు. ఇక్కడ దేవుని పని కనబడవలసి ఉన్నదని చెప్పి, ఆ పనికే పూనుకున్నాడు: బురద చేసి అతని కన్నులకు పూసి సిలోయం కోనేటికి పంపాడు. లెక్కలు తీసేవారి ప్రశ్నను పక్కకు నెట్టి, చేయవలసిన పనిని ముందుకు తెచ్చాడన్నమాట.

ఇది పుస్తకాల్లో బాగానే ఉంటుంది, అనుభవంలో నిలుస్తుందా అని అడగవచ్చు. ఆంగ్ల రచయిత సి. ఎస్. లూయిస్ 1940లో బాధను గురించి తర్కబద్ధమైన గ్రంథం రాశాడు. 1960లో ఆయన భార్య క్యాన్సరుతో మరణించింది. మరుసటి ఏడు ఆయన మారుపేరుతో అచ్చువేయించిన చిన్న పుస్తకంలో ఆ తర్కపు నిబ్బరం కనబడదు. దేవుణ్ణే నిలదీసే దుఃఖం కనబడుతుంది. విశ్వాసం పోలేదు గాని, వివరణలు చాలలేదు. కారణాలు వెతికే దారి ఎంతవరకు పోతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రెండవ దారికి ఉదాహరణ మనకు దగ్గరిదే. మనవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఎందరో తెలుగువారికి పరిచితం. అక్కడ యువ వైద్యురాలైన మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదం జరిగింది. వెన్నెముక దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కుష్ఠురోగుల చేతులకు చేసే శస్త్రచికిత్స కూర్చునే చేయవచ్చునని డాక్టర్ పాల్ బ్రాండ్ సూచించాడు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి ఆ వేళ్లను సరిచేసింది. తరువాత విదేశాల్లో పునరావాస వైద్యం నేర్చుకుని తిరిగి వచ్చి, వేలూరులో ఆ శాఖను నిర్మించింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలిసింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో ఆమె కన్నుమూసింది.

ఆమెను డాక్టరుగా తీర్చడానికే దేవుడు ఆ ప్రమాదం తెచ్చాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మాట దేవునికీ గౌరవం కాదు, ఆమెకూ కాదు. ప్రమాదానికి కారణం ప్రమాదమే. దానికి ప్రయోజనం కల్పించింది ఆమె. ఆ బలం ఇచ్చింది ఆమె విశ్వాసం.

అయితే బాధ ఇంత ప్రయోజనకరమైతే దాన్ని తొలగించడం ఎందుకని వాదించేవారున్నారు. కుష్ఠురోగుల వేళ్లు పోయేది స్పర్శ, నొప్పి తెలియక కాలడం, తెగడం వల్లనే అని బ్రాండ్ గ్రహించాడు. నొప్పి శరీరానికి కాపలాదారు అన్నాడు. అయినా ఆయన జీవితమంతా నొప్పిని పూజించలేదు, రోగులను బాగుచేశాడు. యేసు కూడా రోగులను స్వస్థపరిచాడే గాని, రోగంతోనే ఉండమని ఎవరికీ బోధించలేదు.

ఇంతకన్నా కఠినమైన ప్రశ్న ఒకటున్నది. పసిబిడ్డ బాధపడి చనిపోతే, అందులో ఏ ప్రయోజనం? నాకు తెలిసినంతలో ఏమీ లేదు. ఉన్నదని ఆ తల్లితో చెప్పడం క్రూరత్వం. ఇక్కడ క్రైస్తవుడు చూపగలిగింది సిలువ ఒక్కటే. ఆ సిలువ మీద యేసు సైతం తనను దేవుడెందుకు విడిచిపెట్టాడని అరిచాడు. ఆకాశం నుండి ఆయనకు జవాబు రాలేదు. దుఃఖానికి దూరంగా కూర్చున్న దేవుడు కాదు, దుఃఖంలోకి దిగివచ్చిన దేవుడు అన్నదే ఆ విశ్వాసం సారం. అది జవాబు కాదు, తోడు.

ఇతర మతాలవారికి ఇది పరాయి భావన కాదు. భాగవతంలో కుంతి ఆపదలే కావాలని కృష్ణుణ్ణి కోరింది. ఆపదల్లోనే ఆయన దర్శనం దొరికిందని ఆమె అనుభవం. ఆమె కష్టంలో దైవాన్ని చూసింది. మేరీ వర్గీస్ తన కష్టంలో నుండి ఇంకొకరి కష్టాన్ని చూసింది. రెండు చూపులకూ చుట్టరికం ఉన్నది.

స్వదేశానికి ఇంత దూరంలో, అక్కచెల్లెళ్లు, మేనమామలు పక్కన లేని చోట కాపురాలు చేసుకుంటున్నవాళ్లం మనం. మనలో ఎవరింట కష్టం వచ్చినా కారణాలు మోసుకుపోవద్దు. క్యారియర్‌లో అన్నం పట్టుకుపోదాం. ఆసుపత్రికి కారులో దింపుదాం. పిల్లలను ఆ పూటకు మన ఇంట ఉంచుకుందాం. మాటలు దొరకకపోతే యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు చేసిన పనే మంచిది, పక్కన కూర్చుందాం. ఆ బాధకు ఏ ప్రయోజనం ఉన్నదో బాధపడిన మనిషి ఏనాడైనా తానే చెబుతాడు. చెప్పకపోయినా అడగవద్దు.