వచ్చి చూడు: ఒక పెద్ద సంఖ్య చెప్పే ధమ్మం



ఈసారి ఒక లెక్క చూద్దాం. భయపడకండి, గుణకారం వస్తే చాలు.

67 రెండ్లు వరసగా రాసి, అన్నిటినీ గుణించండి. వచ్చినదాంట్లోంచి 1 తీసేయండి. మిగిలేది ఈ సంఖ్య: 147573952589676412927. మొత్తం 21 అంకెలు.

ఇది ప్రధాన సంఖ్య అని 1644లో ఫ్రాన్స్ దేశపు మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి రాశాడు. అంటే 1తోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించబడదని. ఆయన మోసగాడు కాదు, పెద్ద పండితుడే. అయినా ఆ మాట తప్పు. ఆ తప్పు బయటపడటానికి 232 ఏళ్లు పట్టింది.

1876లో లూకా అనే గణితవేత్త ఒక పరీక్ష చేసి, ఇది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు. కానీ ఏ సంఖ్యలతో భాగించబడుతుందో ఆ పరీక్ష చెప్పలేదు. తప్పని తెలిసింది, అసలు జవాబు మాత్రం చేతికి రాలేదు.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో గణితవేత్తల సభ జరిగింది. కోల్ అనే ఆచార్యుడు నల్లబల్ల దగ్గరికి వెళ్లి, ఒక్క మాటైనా మాట్లాడకుండా ఒకపక్క ఆ సంఖ్యను లెక్కగట్టాడట. మరోపక్క 193707721ని 761838257287తో గుణించాడు. రెండూ ఒకటే! సభ చప్పట్లతో మోగింది. ఈ జవాబుకు మూడేళ్ల ఆదివారాలు పట్టాయని ఆయన అన్నట్టు చెబుతారు.

నేను చెప్పానని నమ్మకండి. కాగితం తీసుకుని మీరే గుణించండి. కేసపుత్తలో కాలాములకు బుద్ధుడు చెప్పిందీ ఇదే కదా: పరంపరగా వచ్చిందని, గ్రంథంలో ఉందని, గురువు అన్నాడని ఒప్పుకోవద్దు. ఎహిపస్సికో, వచ్చి చూడు.

'మీరు పుట్టుకతోనే తక్కువ' అన్న మాట కూడా గ్రంథాల్లో రాసినదే. మన తాతలు ఎన్ని తరాలు దాన్ని మోశారో! అది తప్పని బాబాసాహెబ్ తేల్చి చూపారు. 1935లో యేవలాలో ప్రకటించి, 1956లో నాగపూర్‌లో దీక్ష తీసుకునేదాకా 21 ఏళ్లు మతాలను పరిశీలించారు. (అక్కడా 21, ఇక్కడా 21 అని ఆ అంకెకు మహిమ అంటగట్టకండి!)

మరి మనం? పాతది తప్పని తెలుసుకుని దీక్ష తీసుకున్నాం. లూకా చేసినంత చేశాం. కానీ ఇంట్లో పెళ్లి అనగానే ముహూర్తం అడుగుతున్నాం, బండికి కలిసొచ్చే నంబరు వెతుకుతున్నాం. పిల్లలు అన్నీ చూస్తున్నారు. 22 ప్రతిజ్ఞలు నోటితో చెబితే సరిపోదమ్మా, బతుకులో చూపాలి.

కోల్ లాగా మనకూ ఆదివారాలున్నాయి. విహారానికి రండి, పంచశీలను వారమంతా ఆచరణలో పెట్టి చూడండి. అప్పుడు ఊరికి మనం ఉపన్యాసం చెప్పక్కర్లేదు. మన బతుకే నల్లబల్ల మీది లెక్క అవుతుంది. ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు.

నమో బుద్ధాయ! జై భీమ్!